మిర్రర్‌లెస్సా, ఫుల్ ఫ్రేమా: ల్యాండ్‌స్కేప్ కెమెరా వెనకున్న అసలు లెక్క

కర్నూలు, కడప, అనంతపురం వైపు ఫొటోల పిచ్చి ఉన్న ఏ కుర్రాణ్ణి కదిపినా ఈ మధ్య ఒకటే ప్రశ్న: "అన్నా, మిర్రర్‌లెస్ తీసుకోమంటావా, ఫుల్ ఫ్రేమ్ తీసుకోమంటావా?" పెళ్లిళ్లు తీసే స్టూడియోల వాళ్లు లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలు వదిలించుకుని అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారుతున్నారు, ఆ పాత బాడీలు (లెన్సు లేకుండా కెమెరా ఒక్కటే) సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి, ఇంకోపక్క యూట్యూబ్‌లో ఎవరిని విన్నా ల్యాండ్‌స్కేప్ (కొండలు, లోయల్లాంటి దృశ్యాలు) అంటే ఫుల్ ఫ్రేమే అంటారు. ఇన్ని మాటలు చెవిన పడ్డాక ఎవరికైనా తికమకే.

చిక్కు ప్రశ్నలోనే ఉంది. మిర్రర్‌లెస్ అనేది కెమెరా లోపలి అమరికకు పేరు, ఫుల్ ఫ్రేమ్ అనేది సెన్సర్ (వెలుగును ఫొటోగా మార్చే చిప్పు) సైజుకు పేరు. ఎలక్ట్రిక్ బండి కొనాలా, ఏడు సీట్ల బండి కొనాలా అని అడిగితే ఎట్లుంటుందో ఇదీ అట్లే. నికాన్ జెడ్5 తీసుకోండి, అది మిర్రర్‌లెస్సూ అవును, ఫుల్ ఫ్రేమూ అవును. జెడ్50 మిర్రర్‌లెస్సే, సెన్సర్ మాత్రం చిన్నది. డీ750 ఫుల్ ఫ్రేమ్, లోపల అద్దం ఉంది. డీ5600 లాంటి వాటికి అద్దమూ ఉంది, సెన్సరూ చిన్నదే. అంటే ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి: అద్దం ఉండాలా వద్దా, సెన్సర్ ఎంతది ఉండాలి. ఈ రెండూ తేలేలోపు లెన్సు సంగతి వచ్చి కూర్చుంటుంది, డబ్బంతా తినేది అదే.

అద్దం ఏం చేసేది, అది పోయాక ఏం మారింది

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు గుండా వచ్చిన వెలుగు వాలుగా పెట్టిన అద్దానికి తగిలి పైకి పోతుంది, అక్కడి గాజు ప్రిజం దాన్ని మన కంటికి చేరుస్తుంది. బటన్ నొక్కగానే అద్దం టక్కున లేచి దారి ఇస్తుంది, అప్పుడు వెలుగు సెన్సర్ మీద పడుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు, సెన్సర్ ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది, అది చూసేదాన్ని కంటికి ఆనించుకునే వ్యూఫైండర్‌లోని చిన్న స్క్రీన్ మనకు చూపిస్తుంది.

ఇది నిన్న మొన్న వచ్చింది కూడా కాదు. పానసోనిక్ జీ1 అనే మిర్రర్‌లెస్ 2008లోనే వచ్చింది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పెట్టి సోనీ ఏ7ను తెచ్చింది 2013లో. కెనాన్, నికాన్ చాలాకాలం ఆగి 2018లో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి దిగాయి, ఇక 2020 తర్వాత ఆ రెండు కంపెనీలూ కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. పెంటాక్స్ కంపెనీ ఒక్కటే అద్దాన్ని పట్టుకుని ఉంది. స్టూడియోల వాళ్లు మారుతున్నది ముఖ్యంగా కళ్లను వెంటాడే ఆటోఫోకస్ కోసం, వీడియో కోసం. కొండలు పరుగెత్తవు కాబట్టి వాళ్ల కారణం మనకు పెద్దగా పనికిరాదు.

మరి ల్యాండ్‌స్కేప్‌కి అద్దం లేకపోతే కలిసొచ్చేదేంటి? ఫొటో తీయకముందే ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) ఎలా వస్తుందో, హిస్టోగ్రామ్‌తో (వెలుగునీడల లెక్క చూపే గ్రాఫు) సహా వ్యూఫైండర్‌లోనే కనపడుతుంది. మే నెలలో ఓర్వకల్లు రాళ్ల మధ్య ఉదయం తొమ్మిదికే వెనక స్క్రీన్ మీద ఏమీ కనపడదు, అలాంటప్పుడు కంటికి ఆనించుకుని చూసే స్క్రీన్ ఎంత మేలో వాడినవాళ్లకు తెలుసు. ఫోకస్‌ని పెద్దది చేసి చూసుకోవచ్చు. అద్దం లేచేటప్పుడు వచ్చే చిన్న కుదుపు ఉండదు.

అద్దం వైపు వాళ్ల వాదనలోనూ పస ఉంది. గాజులోంచి నేరుగా చూసే చూపు వేరు, తెల్లారకముందు చీకట్లో కూర్చుని చిన్న టీవీని చూస్తున్నట్టు ఉండదు. బ్యాటరీ సంగతైతే మాట్లాడక్కర్లేదు: కంపెనీలు వాడే ప్రామాణిక పరీక్షలో నికాన్ డీఎస్ఎల్ఆర్ డీ850కి ఒక ఛార్జికి 1840 ఫొటోలు, అదే కంపెనీ మిర్రర్‌లెస్ జెడ్7కి 330. అయితే ఇక్కడ ఇద్దరూ మరిచిపోయే విషయం ఒకటుంది. డీఎస్ఎల్ఆర్‌ని ట్రైపాడ్ మీద పెట్టి లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీదే దృశ్యం చూపేది) ఆన్ చేశారనుకోండి, అద్దం పైకి లేచి అక్కడే ఉండిపోతుంది, సెన్సర్ నేరుగా చూస్తుంటుంది. అంటే ఆ కాసేపు అది మిర్రర్‌లెస్ కెమెరాయే. హిస్టోగ్రామ్ చాలా మోడళ్లలో కనపడుతుంది, ఫోకస్ పెద్దది చేసుకోవచ్చు, కుదుపు తగ్గుతుంది, బ్యాటరీ కూడా మిర్రర్‌లెస్‌లాగే కరిగిపోతుంది. ట్రైపాడ్ మీద నిదానంగా తీసేవాళ్ల విషయంలో ఈ రెండు వర్గాల గొడవలో సగం ఇక్కడే తీరిపోతుంది.

సెన్సర్ సైజు: మిల్లీమీటర్లలో ఎంత తేడా

ఫుల్ ఫ్రేమ్ అంటే 36 × 24 మి.మీ., పాత 35 మి.మీ. ఫిల్ము ఫ్రేము కొలతే. సాధారణంగా అందరి దగ్గరా ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ నికాన్, సోనీ, ఫ్యూజీల్లో సుమారు 23.5 × 15.6 మి.మీ., కెనాన్‌లో ఇంకాస్త చిన్నది. వైశాల్యం చూస్తే 864 చదరపు మి.మీ. ఒకపక్క, దాదాపు 367 ఇంకోపక్క, అంటే 2.35 రెట్లు. ఫొటోగ్రాఫర్ల భాషలో 1.2 స్టాప్. స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం.

చిన్న సెన్సర్ దృశ్యంలో మధ్య భాగాన్నే పట్టుకుంటుంది కాబట్టి లెన్సు నంబరును (మి.మీ.లలో చెప్పే ఫోకల్ లెంగ్త్) 1.5తో గుణించి చూస్తారు (కెనాన్‌కి 1.6). ఏపీఎస్-సీ మీద 16 మి.మీ. లెన్సు చూపేంత వెడల్పు ఫుల్ ఫ్రేమ్ మీద 24 మి.మీ. చూపుతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. చాలామంది వదిలేసేది ఏంటంటే, ఎంత లోతు ఫోకస్‌లో ఉంటుందో చూడాలంటే అపర్చర్ నంబరును (లెన్సు రంధ్రాన్ని చెప్పే ఎఫ్/11 లాంటిది, నంబరు పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) కూడా 1.5తో గుణించాలి. ల్యాండ్‌స్కేప్‌లో అసలు కథ నడిచేది ఈ రెండో గుణకారం దగ్గరే.

గండికోట అంచున రెండు కెమెరాలు

లెక్క వేసి చూద్దాం. గండికోటలో పెన్నా లోయ అంచున పొద్దున్నే ట్రైపాడ్ వేశారు. ముందు ఒక మీటరు దూరంలో ఎర్రరాయి, దాని వెనక లోయ, దూరంగా ఎర్రమల కొండలు. రాయి నుంచి కొండ దాకా అన్నీ స్పష్టంగా రావాలి.

ఫుల్ ఫ్రేమ్, 24 మి.మీ., ఎఫ్/11. మామూలుగా వాడే హైపర్‌ఫోకల్ లెక్క (ఎక్కడ ఫోకస్ చేస్తే దూరం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయో చెప్పేది) ప్రకారం సుమారు 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 0.9 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది. ఏపీఎస్-సీ, 16 మి.మీ., ఎఫ్/7.1. దీనికీ ఫోకస్ దూరం 1.8 మీటర్లే, ఇక్కడా 0.9 మీటర్ల నుంచే స్పష్టం. వెడల్పు ఒకటే, లోతు ఒకటే. అపర్చర్ మరీ మూస్తే వెలుగు వంగి ఫొటో మెత్తబడుతుందే, ఆ డిఫ్రాక్షన్ కూడా రెండింటికీ దాదాపు సమానంగానే ఉంటుంది. పెద్ద సెన్సర్‌ని ఎఫ్/16 దాకా మూయొచ్చు, చిన్నదాన్ని మూయలేం అని కొందరంటారు. నిజమే, కానీ చిన్నదాన్ని అంత మూయాల్సిన అవసరమే రాదు.

ఇప్పుడు టైము. రెండూ ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 మీదే ఉన్నాయనుకుందాం. ఎఫ్/7.1 పెట్టిన చిన్న కెమెరాకి సెకనులో పదో వంతు సరిపోతే, ఎఫ్/11 పెట్టిన పెద్ద కెమెరాకి నాలుగో వంతు కావాలి. పెద్దది ఎక్కువసేపు తెరుచుకుని ఉంది, వెడల్పైన సెన్సర్ నిండా వెలుగు పట్టుకుంది, కాబట్టి మొత్తం మీద చిన్నదానికి దక్కినదానికి దాదాపు 2.35 రెట్ల వెలుగు దానికి దక్కింది. లోయలోని నీడల్ని ఎడిటింగ్‌లో పైకి లాగినప్పుడు నాయిస్ (ఇసుక చల్లినట్టుండే మచ్చలు) తక్కువ కనపడేది అందుకే. ఫుల్ ఫ్రేమ్ గొప్పదనం అనేది ఇదే, ఇది నిజమైనదే.

ఇందులో మెలిక ఉంది. ముందున్నది రాయి కాక గాలికి ఊగే గడ్డి అనుకోండి, గండికోట గాలి తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. గడ్డి చెదరకుండా ఉండాలంటే పదో వంతు సెకను మించకూడదు. ఎఫ్/11 తగ్గిస్తే లోతు పోతుంది, కాబట్టి ఫుల్ ఫ్రేమ్ వాడు ఐఎస్ఓని 250కి పెంచాలి. పెంచగానే ఆ 1.2 స్టాప్ లాభం ఆవిరైపోయి రెండు కెమెరాల ఫైళ్లూ ఇంచుమించు ఒకేలా వస్తాయి. అంటే పెద్ద సెన్సర్ లాభం ఊరికే రాదు, ఎక్కువ టైము ఇచ్చినప్పుడు వస్తుంది, లేదా లోతు వదులుకున్నప్పుడు వస్తుంది.

దీన్ని తిరగేసి చూసినా ఆసక్తికరమే. ఏమీ కదలని దృశ్యమైతే చిన్న కెమెరాతో వరసగా రెండు మూడు ఫ్రేములు తీసి కంప్యూటర్‌లో కలిపితే పెద్దదాని నాయిస్‌కి సమానంగా వస్తుంది. ఆకాశం తెల్లగా మండుతూ లోయ నల్లగా ఉన్న సూర్యోదయానికి ఎటూ రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలిపేవాళ్లే ఎక్కువ, సెన్సర్ ఏదైనా సరే. దీన్ని ఒప్పుకోని వాళ్ల మాట కూడా సబబే: ఫ్రేములు కలపడం ఇంటికొచ్చాక చేసే చాకిరీ, ఒక్క క్లిక్‌లో వచ్చేదాన్ని మూడు క్లిక్కులతో ఎందుకు తెచ్చుకోవాలి అంటారు. టైము విలువ ఎవరిది వాళ్లదే.

చీకటి పడ్డాక లెక్క మారుతుంది

పాలపుంత తీసేవాళ్లకు ఫుల్ ఫ్రేమే అని గట్టిగా చెప్పేవాళ్లు ఎక్కువ. కడప, అనంతపురం జిల్లాల్లో టౌను లైట్లకు దూరంగా పోతే ఎండాకాలం తెల్లవారుజామున ఆకాశం బాగానే కనపడుతుంది, కాబట్టి ఈ ప్రశ్న మనకు ఊరికే వచ్చింది కాదు. నక్షత్రాలు కదులుతాయి కాబట్టి టైము ఇరవై సెకన్లకు అటూ ఇటూ ఆగిపోతుంది, ఎక్కువసేపు తెరిచే వీలు లేదు. వెలుగు అందేది లెన్సు రంధ్రం ఎంత పెద్దదో దాన్నిబట్టే.

రంధ్రం కొలత అంటే ఫోకల్ లెంగ్త్‌ని అపర్చర్ నంబరుతో భాగించడమే. ఫుల్ ఫ్రేమ్ మీద 20 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు: 11.1 మి.మీ. ఏపీఎస్-సీ కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు 16 మి.మీ. ఎఫ్/3.5: 4.6 మి.మీ. వైశాల్యాల్లో తేడా దాదాపు ఆరు రెట్లు. ఫుల్ ఫ్రేమ్ వాళ్ల ఫొటో చూసి మన ఫొటో చూసుకుని దిగులు పడేది ఇక్కడే, తప్పేమో సెన్సర్ మీద వేస్తాం. అదే ఏపీఎస్-సీ బాడీకి విల్ట్రాక్స్ 13 మి.మీ. ఎఫ్/1.4 తగిలిస్తే రంధ్రం 9.3 మి.మీ. అవుతుంది, తేడా ఒకటిన్నర రెట్ల లోపుకి, అంటే అర స్టాపుకి వచ్చేస్తుంది. కిట్ లెన్సు నుంచి ఇక్కడికి వేసిన అడుగు పెద్దది, ఇక్కణ్నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి వేసేది చిన్నది. అయినా ఆ చివరి అడుగు ఉంది, ఇంకా మంచి లెన్సులు పెట్టిన కొద్దీ ఫుల్ ఫ్రేమ్ ఇంకా ముందుకు పోతుంది, చిన్న సెన్సర్‌కి మాత్రం అంతకు మించి లెన్సులు దొరకడం కష్టం. రాత్రి ఫొటోలే ప్రాణం అనేవాళ్లు పెద్ద సెన్సర్ వైపు పోవడంలో అర్థం ఉంది.

బెలుం గుహల్లాంటి చోట ఇంకో రకం చీకటి. పసుపు లైట్లు, జనం నడుస్తుంటారు, ట్రైపాడ్ పరిచే చోటుండదు, చేత్తో పట్టుకునే తీయాలి. అక్కడ సెన్సర్ సైజు కంటే బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న, దానికీ ఫుల్ ఫ్రేమ్‌కీ సంబంధం లేదు. కెనాన్ ఆర్8 ఫుల్ ఫ్రేమ్, బాడీలో స్టెబిలైజేషన్ లేదు. ఫ్యూజీ ఎక్స్-టీ5 చిన్న సెన్సర్, స్టెబిలైజేషన్ ఉంది. కదలని గోడల్ని పావు సెకనులో చేత్తో తీయగలిగితే ఐఎస్ఓ ఎక్కువ పెంచే పనుండదు.

మెగాపిక్సెళ్ల గురించి ఒక్క మాట చాలు. 24 మెగాపిక్సెల్ ఫొటో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 20 × 13 అంగుళాల ప్రింటు ఇస్తుంది, 4కె టీవీకి కావాల్సింది ఎనిమిది మెగాపిక్సెళ్లకు కాస్త ఎక్కువ. ఎక్స్-టీ5లో ఉన్నవి 40, చాలా ఫుల్ ఫ్రేమ్‌లలో ఉన్నవి 24. సైజు వేరు, పిక్సెళ్ల సంఖ్య వేరు.

బరువు ఎక్కడ పెరుగుతుంది

మిర్రర్‌లెస్ అంటే తేలిక అనే మాట సగమే నిజం. నికాన్‌లోనే మూడు జతలు చూద్దాం, బ్యాటరీ, కార్డుతో కలిపి. డీ850 సుమారు 1005 గ్రాములు, దానికి 16-35 ఎఫ్/4 లెన్సు 680, మొత్తం 1.7 కేజీలకు దగ్గర. జెడ్7 675, 14-30 ఎఫ్/4 485, మొత్తం 1160. జెడ్50 450, 12-28 జూమ్ 205, మొత్తం 655. మొదటి జత నుంచి రెండో జతకు తగ్గింది ఎక్కువగా అద్దం పోవడం వల్ల, రెండోదాన్నుంచి మూడోదానికి తగ్గింది ఎక్కువగా సెన్సర్ చిన్నది కావడం వల్ల. అలాగని జెడ్9 చేతిలో పెట్టి మిర్రర్‌లెస్ తేలిక అనకండి, అది 1340 గ్రాములు.

అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కేవాళ్లకి, పెనుకొండ, గుత్తి కోటలెక్కేవాళ్లకి ఈ కేజీ తేడా మోకాళ్లలో తెలుస్తుంది. గండికోటలో అయితే బండి దిగి నడిచేది తక్కువే కాబట్టి అక్కడ బరువు గురించి బాధపడే పనిలేదు. తేలికైన కెమెరాకి తేలికైన ట్రైపాడ్ చాలు అనే మాట కూడా వింటుంటాం, ఎదురుగాలిలో అది నిలబడదు, సంచీ ఏదైనా వేలాడదీయాల్సిందే.

అద్దం పోవడం వల్ల వైడ్ లెన్సులకు నిజంగా ఒక మేలు జరిగింది. అద్దానికి చోటు కావాలి కాబట్టి పాత నికాన్ మౌంటు (లెన్సు తగిలించే చోటు) సెన్సర్‌కి 46.5 మి.మీ. దూరంలో ఉండేది, కొత్త జెడ్ మౌంటు 16 మి.మీ. దూరంలోనే ఉంది. కెనాన్‌లో 44 నుంచి 20కి వచ్చింది. వెనక గాజు సెన్సర్‌కి దగ్గరగా పెట్టగలిగితే వైడ్ లెన్సును చిన్నగా, మూలల్లో స్పష్టంగా తయారుచేయడం సులువు. పైన చెప్పిన 14-30 పాత 16-35 కంటే వెడల్పు ఎక్కువ చూపిస్తూ కూడా తేలికగా ఉండటానికి ఇదొక కారణం. ఆ చోటు మిగలడం వల్లే పాత లెన్సుల్ని ఎడాప్టర్ పెట్టి కొత్త బాడీకి వాడుకోవచ్చు, కొత్త లెన్సును పాత బాడీకి మాత్రం పెట్టలేం. బాడీలోని మోటారుతో తిరిగే పాత నికాన్ లెన్సులు కంపెనీ ఎఫ్‌టీజెడ్ ఎడాప్టర్ మీద ఆటోఫోకస్ చేయవు, కానీ ట్రైపాడ్ మీద చేత్తో ఫోకస్ తిప్పుకునేవాళ్లకు అదేం అడ్డు కాదు.

మన దుమ్ము, మన ఎండ

కర్నూలు నల్లరేగడి అయినా, అనంతపురం ఎర్రమట్టి అయినా ఎండాకాలం గాలిలోనే ఉంటాయి. మిర్రర్‌లెస్‌లో లెన్సు తీయగానే సెన్సర్ ఎదురుగా కనపడుతుంది, డీఎస్ఎల్ఆర్‌లో ముందు అద్దం, షట్టరు అడ్డంగా ఉంటాయి. కెనాన్ ఆర్‌లాంటి కొన్ని మిర్రర్‌లెస్‌లు ఆఫ్ చేయగానే షట్టరు మూసేసి కొంత కాపాడతాయి. అద్దం ఉన్న పెట్టెలో చేరిన దుమ్ము కూడా ఎగిరి సెన్సర్ మీద పడేదే కాబట్టి డీఎస్ఎల్ఆర్‌కి పూర్తి రక్షణ ఉందనుకోవద్దు. దుమ్ము మచ్చలు బాగా కనపడేది ఎఫ్/11, ఎఫ్/16 దగ్గర, నీలాకాశం మీద. సరిగ్గా మనం తీసే ఫొటోలే అవి.

ఎండ సంగతి ఇంకా నిర్దయ. అనంతపురం వైపు గాలిమరల వరసను మధ్యాహ్నం 200 మి.మీ. లెన్సుతో తీయండి, నేల మీది నుంచి లేచే వేడి గాలికి రెక్కలు నీళ్లలో ఉన్నట్టు కనపడతాయి. దాన్ని ఏ సెన్సరూ సరిచేయదు.

ఒకే డబ్బు, రెండు సంచులు

బాడీ, లెన్సు, ట్రైపాడ్, ఫిల్టర్లు అన్నీ కలిపి ఒక మొత్తం అనుకున్నారు. మొదటి సంచిలో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, అది సగం పైగా మింగేసింది, మిగిలినదాంట్లో ఒక మామూలు జూమ్, నాసిరకం ట్రైపాడ్. 14-30 లాంటి లెన్సు కొన్నరోజు దానికి 82 మి.మీ. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) కూడా కావాలి, ఫిల్టరు సైజు పెరిగే కొద్దీ ధరా పెరుగుతుంది. రెండో సంచిలో ఏపీఎస్-సీ బాడీ, సిగ్మా 10-18 ఎఫ్/2.8 లాంటి వైడ్ లెన్సు, అది పావు కేజీ పైచిలుకే, ఫిల్టరు 67 మి.మీ., పక్కన గట్టి ట్రైపాడ్. ఈ రోజు గండికోటకి పోతే రెండో సంచి వాడి ఫొటోనే మెరుగ్గా రావచ్చు, మొదటి సంచి వాడి బాడీ ఎంత మంచిదైనా సరే. సెకండ్ హ్యాండ్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ అని మూడో దారి ఉంది: డీ750 లాంటిది, ట్రైపాడ్ మీద లైవ్ వ్యూలో, రెండింటి లాభాల్నీ తక్కువ ఖర్చులో ఇస్తుంది, బదులుగా బరువు మోయాలి, ఆ మౌంటులో కంపెనీ నుంచి ఇక కొత్త లెన్సుల మీద ఆశ పెట్టుకోకూడదని ఒప్పుకోవాలి.

మొదటి సంచి వాళ్ల వాదన వేరే ఉంది: బాడీ ఇప్పుడు కొంటే లెన్సులు మెల్లగా కొనుక్కోవచ్చు, చిన్న సెన్సర్ లెన్సులు కొంటే రేపు మారినప్పుడు అవన్నీ దండగ. ఇందులో నిజం కొలతల్లో చూడొచ్చు. ఏపీఎస్-సీ లెన్సును అదే మౌంటు ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీకి పెడితే పనిచేస్తుంది, కాకపోతే కెమెరా మధ్య భాగాన్నే వాడుకుంటుంది: 45 మెగాపిక్సెళ్ల బాడీలో 19, 20 మిగులుతాయి, 24 ఉన్నదాంట్లో పది మిగులుతాయి. పది మెగాపిక్సెళ్లు ఫోను స్క్రీనుకీ టీవీకీ చాలు, గోడకు పెట్టే పెద్ద ప్రింటుకి చాలవు. మారతామన్నది ఖాయమైతే వాళ్ల మాట నెగ్గుతుంది. ఏళ్ల తరబడి ఏపీఎస్-సీతోనే ఉండిపోయినవాళ్లు కూడా కోకొల్లలు, వాళ్ల విషయంలో రాని రోజు కోసం ఇవాళ్టి వైడ్ లెన్సును వదులుకున్నట్టవుతుంది.